లావు అక్షరాలు

“ముద్ద మింగాకైనా ఆ ఫోను తెరవండి బావగారూ! అయిదింటి దాకే టైముంది.”

మానస నడింట్లో నిలబడే ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. పిడుగురాళ్ల నర్సింగ్ హోములో డ్యూటీ మధ్యలో వదిలేసి, దొరికిన బస్సెక్కి దాచేపల్లి వచ్చిపడింది. ఒంటి మీద తెల్లకోటు అట్లాగే ఉంది. భుజం మీది బ్యాగు మోచేతి దాకా జారింది. సర్దుకోలేదు.

సుందరరావు తలెత్తలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి, ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, బల్ల ముందు కంచం పెట్టుకుని కూర్చున్నాడు. చేపముక్కలోంచి ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఎడమచేతి పక్కన ఫోను బోర్లా పడి ఉంది.

“అన్నం తినే మనిషి మీద ఏంది నీ గోల? నీ ఉద్యోగం నేనేమన్నా మింగానా?”

“మింగారో లేదో ఆ ఫోనే చెప్పిద్ది. తెరవండి.”

“కుడి బొటనవేలు పెడితేగాని తెరుచుకోదు. వేలికి పులుసుంది.”

“కడుక్కోండి.”

“తింటన్నా. కనపట్టల్లా?”

గోడ గడియారంలో మూడుంబావు.

గంటన్నర కిందట సుభాషిణి ఫోను చేసింది. ఇద్దరూ కలిసి నర్సింగు చదివినవాళ్లు. జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టులకు కలిసే దరఖాస్తు పెట్టారు. లిస్టులో మానసది ఆరో నంబరు, సుభాషిణిది ఎనిమిది. సర్టిఫికెట్లు చూపించడానికి ఇవాళ నరసరావుపేట పోయిన సుభాషిణి, ఆఫీసు వరండాలోంచే అరిచింది. “ఏమే, నీకేం పొయ్యేకాలం? నీ పేరు పక్కన ఇష్టం లేదని రాసుంది! నువ్వే మెయిలు పంపావంటగా మంగళవారం!”

మానస మెయిలు పంపలేదు. అసలు పిలుపు వచ్చిందన్న సంగతే ఆమె ఎరగదు.

సుభాషిణి కాళ్లావేళ్లా పడితే ఆఫీసులో గుమస్తా ఒక దారి చెప్పాడట. అదే ఐడీ నుంచి, సాయంత్రం అయిదు లోపు, వస్తానని ఇంకో మెయిలు పంపాలి. అయిదు దాటితే తర్వాతి నంబరుకు పిలుపు పోతుంది. అంతే.

ఐడీ మానసదే. పేరు ఆమెది, పుట్టినతేదీ ఆమెది, పాస్‌వర్డు ఆమె హాల్ టికెట్ నంబరు. కాని పాస్‌వర్డు కొడితే చాలదు. కొట్టగానే సుందరరావు ఫోనులో ఒక ప్రశ్న లేస్తుంది, ‘తెరుస్తోంది మీరేనా?’ అని. దాని కింద రెండు గడులు. అవును, కాదు. ఆయన అవును అంటేనే మానస తన పెట్టె తాను తెరుచుకోగలదు.

ఇదేం ఏర్పాటంటారా? ఈ ఇంటి ఏర్పాటు ఇదే. మామగారు బాబూరావు బతికున్న రోజుల్లో ఈ గడపకు ఏ ఉత్తరం వచ్చినా, ఎవరి పేరున వచ్చినా, కవరు చించేది ఆయనే. కోడలికి పుట్టింటి నుంచి వచ్చిన ఉత్తరమైనా సరే, గేటు దగ్గర నిలబడి చదివి, మడిచి, అప్పుడు లోపలికి ఇచ్చేవాడు. ఆయన పోయాడు. కవర్లూ పోయాయి. చించే చెయ్యి మాత్రం పెద్దకొడుక్కి వచ్చింది. తల్లిది, భార్యది, తమ్ముడిది, మరదలిది అన్ని ఐడీలూ సుందరరావు ఫోను నంబరు మీదే పుట్టాయి, సుందరరావు ఫోనులోనే కాపురం ఉంటున్నాయి. వచ్చిన మెయిలు ఆయన చదువుతాడు. ముఖ్యమనుకుంటే ఫొటో తీసి ‘మన ఇల్లు’ అనే వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ముఖ్యం కాదనుకుంటే వేలితో పక్కకు తోసేస్తాడు. ఏది ముఖ్యమో ఎవరు చెప్పాలి? అడిగిన దిక్కు లేదు. ఆడవాళ్లకు ఫోనులు కొనిచ్చామని మీసాలు తిప్పే మగవాళ్లు ఊరి నిండా ఉన్నారు. ఆ ఫోనుల్లోకి వచ్చే మాటను ముందు ఎవరు చదువుతున్నారో ఒక్కడూ చెప్పడు.

మార్చిలో మానస ఫోను ఆసుపత్రి సింకులో పడి చచ్చింది. కొత్తది తెచ్చుకుని మెయిలు తెరవబోతే ఆ ప్రశ్న లేచింది. “నాకు వస్తన్నాయిగా, నేను చెప్తాగా. మళ్లీ నీకెందుకు రెండోది?” అని ఆ రోజు సుందరరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇవాళ గొంతులో ముల్లయింది.

“మంగళవారం ఆఫీసు నుంచి మెయిలొచ్చింది,” అంది మానస. “మీరు చదివారు. గ్రూపులో పెట్టలా. పెట్టకపోగా, నాకు ఇష్టం లేదని జవాబు కొట్టారు. ఎందుకు?”

“నేను చదవలా.”

“మీ ఫోనులో చదవని మెయిలు ఉంటదా?”

“అదే నేనూ చెప్పేది! చదవనివి లావు అక్షరాల్లో ఉంటయ్. నేను లావు అక్షరాలవే చూస్తా. సన్నబడ్డవంటే చదివేసినవని. పొద్దున, సాయంత్రం రెండు పూట్లా చూస్తా. ఒక్కటి మిగలనియ్యను. నీ ఆఫీసు మెయిలు నాకు లావుగా కనపళ్లేదు.”

“అంటే రాగానే దానంతటదే సన్నబడిందా?”

వంటింటి గుమ్మంలోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. షెర్లీ. సుందరరావు భార్య. మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

“నీకేందే నవ్వు?” అన్నాడు సుందరరావు.

“నవ్వలా. పొలమారింది.”

“మజ్జిగ పొయ్యి.”

“పోస్తా. నిరుడు సంగతి గుర్తొచ్చిందిలే. మానస అప్లికేషను సంగతి అడగమంటే నువ్వు మెయిలు పెట్టావు చూడూ. కింద నీ పేరు, షిఫ్ట్ ఇన్‌చార్జి, ప్యాకింగ్ ప్లాంటు అని ఇంత పొడుగున దానంతటదే పడింది. ఆఫీసోళ్లు ఏమని రాశారు? ‘సుందరరావు గారూ, ఈ పోస్టుకు పురుషులు అర్హులు కారు’ అని గదా!”

“మూసుకో.”

“మూసుకునే ఉన్నాగా తొమ్మిదేళ్లుగా.”

ఇంకో రోజైతే మానస కూడా నవ్వేది. ఇవాళ గడియారం వంక చూసింది. ఇరవై రెండు నిమిషాలయింది మూడు దాటి. సుందరరావు మజ్జిగ పోసుకుని, అన్నం కలుపుకుని, ఊరగాయ కోసం చెయ్యి చాపాడు. అడుగడుక్కీ ఆలస్యం చేస్తున్నాడు. కావాలనే చేస్తున్నాడు. మరదలు గట్టిగా మాట్లాడిన పాపానికి ఇది శిక్ష.

మానస బల్ల దగ్గరకు నడిచి బోర్లా ఉన్న ఫోను మీద చెయ్యి వేసింది.

“తియ్యి చెయ్యి!”

“తియ్యను. దొంగపని చేసి అన్నం ఎట్టా దిగుతంది నీకు?”

సుందరరావు చేతిలోని ముద్ద కంచంలో పడింది.

“ఏమన్నావే?” మంచం మీదినుంచి కృపమ్మ లేచింది. అత్తగారు. ఇందాకటి నుంచి గోడకేసి తిరిగి పడుకుని అన్నీ వింటోంది. “పెద్దబావని నువ్వంటావా? దొంగంటావా? చర్చిలో పెద్దల బల్ల మీద కూర్చునే మనిషిని?”

“అత్తమ్మా, నా ఉద్యోగం...”

“ఉద్యోగం, ఉద్యోగం! ఇంట్లో శవం లేచినట్టు అరుపులు. సందులో జనం నిలబడి వింటన్నారు.” కృపమ్మ విసవిసా వచ్చి పెద్దకొడుకు ముందున్న కంచం లాగేసింది. మజ్జిగన్నం ఒలికింది. “లెగువు నువ్వు కూడా! గంట నుంచి ఒక్క చేపముక్క తింటన్నావు. నాకు తెలవదా నీ సంగతి? లే, కడుక్కో!”

చెంబు నీళ్లు కొడుకు చేతి మీద కుమ్మరించింది. బల్ల మీదే. కంచంలోనే.

సుందరరావు కళ్లు ఎర్రబడ్డాయి. తల్లిని ఏమీ అనలేడు. తువ్వాలుతో వేలు తుడుచుకున్నాడు. ఫోను తీసి బొటనవేలు ఆనించాడు. అప్పుడు ధడేలున లోపలి గది తలుపు తెరుచుకుంది.

ఎలీషా. మానస భర్త. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషి. లుంగీ ఎగ్గట్టి, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. కళ్లలో నిద్ర లేదు.

“ఆ ఫోను ముట్టుకోబాకు మానసా!”

“నువ్వు లేచావా? విన్నావా ఏం జరిగిందో?”

“విన్నా. మొత్తం విన్నా. వీడి దగ్గర బిచ్చమెత్తుకోబాకు.” ఎలీషా వేలెత్తి అన్నను చూపించాడు. “అన్నంటే ఎంత మర్యాద ఇచ్చాను రా నీకు! నా పెళ్లాం నోటి కాడ ముద్ద తీసేస్తావా? పద మానసా. బండి తీస్తా. నరసరావుపేట పోదాం. ఆఫీసరు కాళ్ల మీద పడదాం. వీడి ఫోను మనకేం అక్కర్లా.”

మానసకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాలుగేళ్లలో ఎలీషా అన్న ముందు ఇంత గొంతెత్తడం ఇదే మొదలు. నోరులేనివాడని, అన్న గీసిన గీత దాటడని తనే ఎన్నిసార్లు దెప్పింది! ఇవాళ తన కోసం నిలబడ్డాడు. చాలు. బ్యాగు భుజం మీదికి ఎగదోసుకుంది.

“ఒరేయ్,” అన్నాడు సుందరరావు నెమ్మదిగా. “నేనే పంపానంటావా?”

“నువ్వు గాక ఇంకెవడు? అన్ని మెయిళ్లూ నీ చేతిలోనేగా!”

“ఇంకోసారి అను.”

“వందసార్లంటా! రా మానసా, మాటలెందుకు?”

ఎలీషా ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. మానస రెండడుగులు వేసింది. మూడో అడుగు దగ్గర లెక్క గుర్తొచ్చింది. ఇప్పుడు మూడున్నర దాటింది. ఆ లారీల రోడ్డు మీద బండేసుకుని పోతే నరసరావుపేట చేరేసరికి అయిదు దాటిపోతుంది. చేరినా లాభం లేదు. కాళ్ల మీద పడమని గుమస్తా చెప్పలేదు. అదే ఐడీ నుంచి మెయిలు పెట్టమన్నాడు.

“ఉండు,” అంది. “పోయి లాభం లేదు. మెయిలే పెట్టాల.”

“చెప్తంటే వినవేంది? వీడు తెరవడు!”

“తెరిచాడుగా.”

నిజమే. ఫోను తెరిచే ఉంది. సుందరరావు వేలితో గబగబా పైకీ కిందికీ తోస్తున్నాడు. తమ్ముడి మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఇప్పుడు ఆయన మరదలి కోసం వెతకడం లేదు, తన కోసం వెతుకుతున్నాడు.

“ఏదీ? మంగళవారం... మంగళవారం ఏముంది? కరెంటు బిల్లు. చర్చి వాళ్ల జూమ్ మీటింగు. చీరల షాపు. నీ ఆఫీసు మెయిలు లేదు. చూసుకో! అసలు రాలా!”

“రాని మెయిలుకి జవాబు ఎట్టా పోయింది?”

“నన్నడుగుతావేంది?”

“మూడు గీతలు నొక్కు,” అంది షెర్లీ.

అందరూ ఆమె వంక తిరిగారు.

“పైన ఎడమ పక్క మూడు గీతలున్నయ్యిగా, అవి నొక్కు. కిందకి పో. పంపినవి అని ఇంకో పెట్టె ఉంటది. వచ్చింది తోసేసినా పంపింది ఆడే ఉంటది.”

“నీకెట్టా తెలుసు?”

“నువ్వు స్నానానికి పోయినప్పుడల్లా చూస్తాగా. నా మెయిళ్లు నేను ఇంకెప్పుడు చదువుకోవాల?” అంది షెర్లీ. మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

సుందరరావు భార్య వంక చూసిన చూపుకు ఇంకో రోజు గిన్నెలు ఎగిరేవి. ఇప్పుడు టైము లేదు. మూడు గీతలు నొక్కాడు.

“వద్దన్నానా!” ఎలీషా అన్న చేతిలోని ఫోను అందుకోబోయాడు. సుందరరావు మోచేత్తో తోశాడు. ఎలీషా వెళ్లి మంచం కోడు మీద పడ్డాడు. కృపమ్మ ప్రభువా అని కేకపెట్టింది.

ఆ తోపులాటను మానస చూడలేదు. ఆమె తెరనే చూస్తోంది.

ఉంది. మంగళవారం, పొద్దున పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు. కింద ఆఫీసు వాళ్లు పంపిన పొడుగాటి మెయిలు. తన పేరు, తన హాల్ టికెట్ నంబరు, ఆరో ర్యాంకు. ‘శుక్రవారం సాయంత్రం అయిదు గంటల లోపు మీ సమ్మతి తెలుపవలెను.’ దాని పైన ఇంగ్లీషులో ఒక్క వరుస జవాబు. ధన్యవాదాలు, నాకు ఆసక్తి లేదు.

రెండేళ్లు చదివింది. రాత్రి డ్యూటీల్లో పేషెంట్ల సెలైన్లు చూస్తూ, స్టూలు మీద కూర్చుని చదివింది. ఆ చదువంతటికీ ఎవరో కొట్టిన జవాబు ఒక్క వరుస.

“ఇదిగో! పోయింది గదా నీ ఫోను నుంచి!” అంది మానస.

“ఆగు.” సుందరరావు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. “ఆగు, ఆగు. నా పేరేది?”

“ఏంది?”

“నా పేరు! నా ఫోను నుంచి ఏది పోయినా కింద నా పేరు పడిద్ది. షిఫ్ట్ ఇన్‌చార్జి అని పడిద్ది. నేను తీసేద్దామన్నా నాకు రాలా. అమ్మకి గ్యాసు కంప్లెయింటు రాసినా పడింది. ఇందాక నువ్వే నవ్వావుగా షెర్లీ! దీని కింద ఏది?”

మానస చూసింది. సుందరరావు పేరు లేదు. ఆ ఒక్క వరుస జవాబు కింద ఇంకో వరుస ఉంది, లేత బూడిద రంగులో. ‘నా ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి పంపినది.’

“ఈ ఐడీ ఇంకెవరి ఫోనులో ఉంది?” అంది.

బయట సిమెంటు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. కిటికీ అద్దాలు గలగలలాడి ఆగాయి.

సుందరరావు తల తిప్పి తమ్ముడి వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఇంకా హీనంగా ఉంది.

“రెండు నెలల కిందట కొత్త ఫోను కొన్నావు. ‘మానస మెయిలు కూడా దీంట్లో పెట్టు అన్నా’ అన్నావు. దానికి చెప్పావారా అని అడిగా. చెప్పాను, అదే పెట్టమంది అన్నావు. నేను అవును నొక్కా.”

మానసకు అలాంటి మాట అన్న గుర్తు లేదు. అనలేదు గనక.

“ఎలీషా,” అంది.

అతను మంచం అంచున కూర్చున్నాడు. చొక్కా బొత్తం ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. దాన్ని విప్పి సరిచేసుకుంటున్నాడు.

“ఎలీషా, నా మొహం చూడు.”

“నేను రాయలా,” అన్నాడు.

“మరి?”

“ఒక్క ముక్క కూడా నేను రాయలా. అదే చూపిచ్చింది. మెయిలు కింద మూడు గడులు వస్తయ్యి. ఒకటి థ్యాంక్యూ, ఒకటి వస్తాను, ఒకటి ఇష్టం లేదు. అదే రాసి పెట్టింది. నేను... నొక్కా.”

“మూడున్నయ్యి గదా. మూడోదే ఎందుకు నొక్కావు?”

ఎలీషా ఆ బొత్తం మళ్లీ విప్పాడు.

“నొక్కి ఊరుకున్నావా? వచ్చిన మెయిలు తోసేశావు, ఎవరికీ కనపడకుండా. మంగళవారం నొక్కావు. బుధవారం నేను అన్నం వడ్డించా. గురువారం పిలుపు ఇంకా రాలేదేందని నేను ఏడిస్తే నా తల నిమిరావు. ఇప్పుడు మీ అన్నని వాడూ వీడూ అని తిట్టి, నా చెయ్యి పట్టుకుని, బండెక్కు అన్నావు. ఎందుకు? ఆ పంపిన పెట్టె తెరవకుండానా?”

“జూన్‌లో పర్మినెంటు చేస్తామన్నారు,” అన్నాడు ఎలీషా. ఇప్పుడు గొంతు లేచింది. “ఏడేళ్లు కాంట్రాక్టులో దుమ్ము తిన్నా. ఏడేళ్లు! నువ్వు నరసరావుపేట పోతే నేనేం గాను? నీ ఎనకమాల క్యారేజీ పట్టుకుని తిరగాలా? ఫ్యాక్టరీ వదిలి నీ ఆసుపత్రి గేటు కాడ కూర్చోవాలా?”

“నన్ను అడగొచ్చుగా.”

“అడిగితే పోతానంటావు!”

అన్న తరువాత గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. షెర్లీ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు కాదు.

“మగపిల్లోడు, ఏదో భయంలో...” అని మొదలుపెట్టింది కృపమ్మ.

“అత్తమ్మా, ఆపండి,” అంది మానస.

నాలుగూ ఇరవై. వెతుకులాటలో, తోపులాటలో, మాటల్లో ముప్పావుగంట పోయింది.

మానస తన ఫోను తీసింది. ఐడీ కొట్టింది. హాల్ టికెట్ నంబరు కొట్టింది. తొందరలో ఒకసారి తప్పు పడింది. మళ్లీ కొట్టింది. సుందరరావు చేతిలోని తెర మీద ప్రశ్న లేచింది. అవును. కాదు.

“నొక్కండి.”

సుందరరావు నొక్కలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. దొరికింది ఆయనకు. దొంగ తను కాదని తేలింది, ఇక న్యాయం చెప్పే కుర్చీ తనదే.

“నన్ను దొంగన్నావు. సందంతా వినేట్టు అన్నావు. ముందు ఆ మాటకి క్షమాపణ చెప్పు. అత్తగారి ముందు, షెర్లీ ముందు. తర్వాత నువ్వు చెప్పు, మెయిలు నేనే కొడతా.”

“మీరు కొడితే కింద మీ పేరు పడిద్ది. ఆ ఆఫీసోళ్లు ఇప్పటికే ఇష్టం లేదంటే నమ్మారు. ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి సుందరరావు ఇష్టం ఉందంటే నమ్ముతారా? నా ఫోనులో నేనే రాస్తా.”

“క్షమాపణ.”

“మీరు పంపలా. ఆ మాట వెనక్కి తీసుకుంటన్నా. మీరు దొంగ కాదు.” మానస ఊపిరి పీల్చుకుంది. “దొంగకి తాళంచెవి ఇచ్చినోళ్లు మీరు. నాదేమో నా చేతికి ఇవ్వలా. ఆయన అడిగితే ఒక్క మాటకే ఇచ్చారు. దానికి నాకెవరు చెప్తారు క్షమాపణ?”

“చూశావా అమ్మా దీని పొగరు! కాదు నొక్కుతా. నొక్కితే ఏమయిద్దో తెలుసా? ఐడీయే మూసుకుపోయిద్ది!” సుందరరావు ఫోను గాల్లో ఊపాడు. “నొక్కనా? నొక్కమంటావా?”

ఆయన ఊపుతున్న చేతిని షెర్లీ పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, బట్టలు పిండే చెయ్యి. ఆయన తేరుకునేలోపు ఆమె బొటనవేలు తెర మీద పడింది.

అవును.

“షెర్లీ!”

“నొక్కా,” అంది ఆమె. ఫోను ఆయన చేతిలోంచి లాక్కుని రొమ్ముకు అదుముకుంది. “కొడితే తర్వాత కొట్టు. అయిదయ్యాక.”

మానస ఫోనులో పెట్టె తెరుచుకుంది. మార్చి నుంచి చూడని తన పెట్టె. అన్నీ సన్నటి అక్షరాలే. ఒక్కటి కూడా తన కోసం లావుగా మిగల్లేదు.

కొత్త కాగితం తెరిచి కొట్టడం మొదలుపెట్టింది. వస్తానని రాసింది. సర్టిఫికెట్లు సిద్ధంగా ఉన్నాయని రాసింది. తర్వాత వేలు ఆగింది.

“పొరపాటున పంపానని రాయి,” అన్నాడు ఎలీషా. ఎప్పుడు లేచాడో, పక్కకు వచ్చి నిలబడ్డాడు. గొంతు బతిమాలుతోంది. “గుమస్తా అదే చెప్పి ఉంటాడు. నీ చెయ్యే జారిందని రాయి. ఇంటి సంగతి బయట పెట్టబాకు. ఎంక్వైరీ అంటారు, నా పర్మినెంటు...”

“జరుగు. వెలుగుకి అడ్డం.”

ఆమె కొట్టింది. ‘మంగళవారం వెళ్లిన జవాబు నాది కాదు. దాన్ని నేను పంపలేదు. నన్ను అడగకుండా పంపారు.’ కింద తన పూర్తి పేరు, ర్యాంకు, తన ఫోను నంబరు. చదువుకుంది. ఒక్క అక్షరం మార్చలేదు. పంపింది.

నాలుగూ నలభై ఆరు.

సుందరరావు తువ్వాలును మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. కృపమ్మ ఒలికిన మజ్జిగన్నం గుడ్డతో ఎత్తుతోంది. షెర్లీ గోడకు ఆనుకుని నిలబడింది, ఫోను వదల్లేదు. మెయిలు పోయింది గాని, జవాబు కోసం చూస్తుంటే మానస ఫోనులో గుండ్రటి గీత ఒకటి తిరుగుతూనే ఉంది. ఈ సందులో సిగ్నలు ఎప్పుడూ ఇంతే.

అయిదుకు ఆరు నిమిషాలుందనగా టింగుమంది.

మానస ఫోను కాదు. అందులో గీత ఇంకా తిరుగుతోంది. షెర్లీ గుండెల మీద ఫోను వెలిగింది, ఆమె దాన్ని చూడలేదు, ఇంకా గట్టిగా అదుముకుంది. చప్పుడు వచ్చింది ఎలీషా చొక్కా జేబులోంచి.

ఎలీషా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, అరిచేత్తో నోరు మూసినట్టు.

“తియ్యి,” అంది మానస.

తీశాడు. తెర వెలుగు అతని గడ్డం మీద పడింది. ఆఫీసు పేరు ఆమెకు తలకిందులుగా కనిపించింది.

“నాకు వచ్చేవన్నీ ముందు నువ్వే చదువుతన్నావుగా రెండు నెలల నుంచి,” అంది. “ఇది కూడా నువ్వే చదువు. గట్టిగా చదువు. మీ అన్న వినాల, మీ అమ్మ వినాల, సందులో వాళ్లు కూడా వినాల.”

ఎలీషా వేలు తెర మీదికి వచ్చి, ఆ వరుసకు ఇవతలే ఆగిపోయింది. అది ఇంకా లావు అక్షరాల్లోనే ఉంది.